వెనక సీట్లో మూడు పీటలు

ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు పక్కన కాసేపు నిలబడి, పోయే కార్లను చూడండి. ముందు సీట్లో ఒక పెద్దామె, ఆమె ఒళ్లో ఒక పసిపిల్ల, ఆ పిల్ల రెండు చేతులూ డాష్‌బోర్డు మీద. ముందు సీట్ల సందులో నిలబడి తండ్రికి దారి చెప్పే ఒక పిల్లవాడు. వెనక నలుగురు, వాళ్ల మోకాళ్ల మీద ఇంకొకరు. ఎవరూ ఆపరు, ఎవరూ తప్పనరు. చూసే మనకు కూడా ముచ్చటగానే ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఎంత కలిసిమెలిసి పోతున్నారో అనుకుని మన దారిన మనం పోతాం. ఆ ముచ్చట వెనక ఏం దాగి ఉందో తెలియాలంటే మన్సూరాబాద్‌లో ఉండే కౌసల్యమ్మ సంగతి చెప్పాలి.

కౌసల్యమ్మ, ఆమె భర్త అంతయ్య నల్లగొండ జిల్లాలోని తమ ఊరు వదిలి వచ్చి చాలా ఏళ్లయింది. అంతయ్య బస్సు డిపోలో పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు మహేష్‌కు ఎల్బీనగర్‌లో ఒక పైపుల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. కోడలు విజయశ్రీ ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు, ఎమర్జెన్సీ వార్డులో డ్యూటీ. పిల్లలు ముగ్గురు. పెద్దది జ్యోతికకు తొమ్మిదేళ్లు, నడిమివాడు అభిలాష్‌కు ఆరు దాటాయి, చిన్నది అమలకు ఈమధ్యే నాలుగు నిండాయి. అమల పుట్టిన కొన్ని నెలలకే విజయశ్రీ మళ్లీ డ్యూటీలో చేరవలసి వచ్చింది. అప్పటినుంచి ఆ పిల్ల తిన్నా, పడుకున్నా, అలిగినా అన్నీ నానమ్మ ఒళ్లోనే. ఆ ఒడి మీద కౌసల్యమ్మకు చెప్పలేనంత నమ్మకం. తన ఒళ్లో ఉన్న పిల్లను దోమ కూడా కుట్టదని వాడకట్టంతా చెప్పుకుని మురిసిపోయేది.

మహేష్ కారు కొన్నప్పుడు పూజ కాగానే దాన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో పట్టాభి షాపుకు తీసుకుపోయారు. పట్టాభి గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. కార్లకు సీటు కవర్లు కుట్టి ఇస్తాడు. మెరూన్ రంగు రెగ్జిన్ ఎంచుకున్నారు. వెనక సీటు మీద బెల్టులు బిగించే బకిల్స్ పైకి పొడుచుకుని ఉండటం చూసి కౌసల్యమ్మ ఊరుకోలేదు. అవి పిల్లల తొడలకు గుచ్చుకుంటాయని, కవరు కిందికి తోసి పైనుంచి కుట్టేయమని దగ్గరుండి మరీ చెప్పింది. పట్టాభి ఎదురుచెప్పలేదు. వెనక బెల్టు పెట్టుకునేవాళ్లు ఎవరున్నారని, అందరూ అలాగే కుట్టించుకుంటారని అంటూ పని మొదలుపెట్టాడు. ముందు సీటులో బెల్టు పెట్టుకోకపోతే గంట మోగుతుంది కనుక, ఆ గంట నోరు మూయించే ఉత్త క్లిప్పు ఒకటి ఊరికే ఇచ్చాడు. కారు ఇంటికి వచ్చేసరికి చూడ ముచ్చటగా తయారైంది. పిల్లల్ని కాపాడే వస్తువులు మాత్రం మెత్తటి రెగ్జిన్ కింద మాయమయ్యాయి. ఆ పని కౌసల్యమ్మ పిల్లల మీద ప్రేమతోనే చేయించింది. ప్రేమతో చేసిన పొరపాటును ఇంట్లో ఎవరూ పొరపాటని అనుకోరు, అందుకే అది చాలాకాలం అలాగే ఉండిపోతుంది.

ఒక సాయంత్రం విజయశ్రీ డ్యూటీ నుంచి వచ్చి ఇంట్లోకి రాకుండా మెట్ల మీదే కూర్చుండిపోయింది. కౌసల్యమ్మ టీ తెచ్చి ఇస్తే తాగలేదు. ఆ రోజు వాళ్ల వార్డుకు ఒక పిల్లను తీసుకువచ్చారట. కారులో తల్లి ఒళ్లో కూర్చున్న పిల్ల. తల్లికి పెద్దగా దెబ్బలు లేవు. ఆమె డాక్టరు దగ్గర, ఆయా దగ్గర, వాచ్‌మన్ దగ్గర, కనబడ్డ ప్రతివాళ్ల దగ్గరా ఒకటే మాట చెప్పిందట, నేను గట్టిగనే పట్టుకున్న, గట్టిగనే పట్టుకున్న అని. పిల్లకు ఏమైందో విజయశ్రీ చెప్పలేదు. కౌసల్యమ్మ అడగలేదు.

మర్నాడు విజయశ్రీ మహేష్‌తో తెగేసి చెప్పింది. ముగ్గురు పిల్లలకూ మూడు బూస్టర్ సీట్లు కావాలి, మూడూ వెనక సీట్లోనే పక్కపక్కన పట్టాలి. కారు బెల్టు పెద్దవాళ్ల కొలతకు చేసినది. పిల్లలకు పెడితే అది మెడకూ పొట్టకూ అడ్డం పడుతుంది. కింద ఈ ఎత్తు పీట వేస్తే పిల్ల పైకి లేస్తుంది, అప్పుడు బెల్టు భుజం మీదికీ, తుంటి ఎముకల మీదికీ వస్తుంది. చెప్పాలంటే అంతే విషయం. అభిలాష్ ఫోనులో బొమ్మ చూసి తనది నీలం రంగుదే కావాలన్నాడు.

కౌసల్యమ్మకు ఆ మాట తగలరాని చోట తగిలింది.

"నా ఒడి కన్న గా ప్లాస్టిక్ పీట మేలైందా విజయా?"

"మీ ఒడిని తక్కువ జేస్తలేనత్తమ్మా. బండి ఆగితది గని లోపలున్న మనిషి ఆగడు. ఎవరి చేతులైనా గంతే."

కౌసల్యమ్మ మూతి ముడుచుకుని లోపలికి పోయింది. పైకి అన్నది ఒడి గురించే కానీ ఆమె అసలు బాధ వేరే. వెనక సీటంతా ఆ మూడు పీటలకే పోతే, మహేష్ పక్కన విజయశ్రీ కూర్చుంటే, ఇక తానెక్కడ కూర్చోవాలి? ఇంత వయసు వచ్చాక కొడుకు కారులో తనకు చోటు లేదంటే ఇంట్లో చోటు తగ్గినట్టు కాదా? ఆ రోజంతా ఆమె ఒకచోట నిలవలేదు. చేటలో బియ్యం పోసుకుని ఏరకుండానే లేచింది, ఆరేసిన బట్టలు తడి ఆరకముందే తీసింది, మళ్లీ పోయి ఆరేసింది.

పీటలు వచ్చాయి. ఆదివారం పొద్దున ఇంటి ముందు కారు తలుపులు తెరిచి మహేష్ పని మొదలుపెట్టాడు. చుట్టుపక్కల మగవాళ్లు సలహాలు ఇవ్వడానికి చేరారు. మొదటి రెండూ హుందాగా కూర్చున్నాయి. మూడోది పెట్టబోతే పట్టలేదు. వాటికి రెండు పక్కలా చేతులు ఆనించుకునే కొమ్ములున్నాయి. ఒకదాని కొమ్ము ఇంకొకదాన్ని నెడుతోంది. గట్టిగా అదిమితే మూడోది లోపలికి పోయింది కానీ తలుపు పడలేదు. తలుపు పడేలా జరిపితే మధ్యది పైకి లేచింది. పైగా బెల్టు దేనికి బిగించాలో కనబడదు, బకిల్స్ కవరు కిందే ఉన్నాయాయె. మహేష్ సందులో చెయ్యి దూర్చి వెతికి వేళ్ల మీద తోలు లేపుకున్నాడు. ఒకాయన పెద్ద బండి కొనమన్నాడు. ఇంకొకాయన తామంతా ఇవి లేకుండానే పెరిగామన్నాడు.

కౌసల్యమ్మ మెట్ల మీద కూర్చుని గోంగూర తెంపుతూ అంతా చూసింది. ఎంత దాచుకుందామన్నా ఆమె ముఖం మీద చిన్న నవ్వు ఆగలేదు. చివరికి మహేష్ చెమట తుడుచుకుంటూ, మామ ఇంట్లో ఒడిబియ్యం అయ్యాక చూద్దాంలే అని మూడు పీటలనూ ఇంట్లోకి మోశాడు. అభిలాష్ తన నీలం పీటను టీవీ ముందు వేసుకున్నాడు. అంతయ్య ఒకదాని మీద కాలు చాపుకుని పేపరు చదివాడు. విజయశ్రీ మూడోదానికి దుమ్ము పట్టకుండా గుడ్డ కప్పి మూలన పెట్టింది. అయ్యాక చూద్దాం అన్న మాట మన ఇళ్లలో ఎన్ని పనుల్ని అటకెక్కించిందో మీకు తెలియనిది కాదు.

ఒడిబియ్యం అంటే పుట్టింటివాళ్లు ఆడబిడ్డను పిలిచి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, చీర ఆమె ఒళ్లో పోసి దీవించే వేడుక. కౌసల్యమ్మ అన్న బిక్షమయ్య అల్మాస్‌గూడలో ఇల్లు కట్టుకున్నాడు. కొన్నేళ్లకొకసారి చెల్లెలికి తప్పకుండా ఒడి నింపుతాడు. ఈసారి రోజు దగ్గరపడేకొద్దీ కౌసల్యమ్మకు కాలు నేల మీద నిలవలేదు.

ఆ పొద్దున అందరూ కారెక్కారు. వెనక అంతయ్య, విజయశ్రీ, జ్యోతిక, అభిలాష్. ముందు కౌసల్యమ్మ, ఆమె ఒళ్లో కొత్త గౌను వేసుకున్న అమల. కనీసం చిన్నదాన్ని వెనక తనకైనా ఇమ్మని విజయశ్రీ అడిగింది. వెనక కూర్చుంటే బయట ఏమీ కనబడక పిల్లకు కడుపులో తిప్పుతుందని కౌసల్యమ్మ ఇవ్వలేదు. అందులో అబద్ధం లేదు. అమలకు కిటికీ అందదు, బయటకు చూడాలంటే ఎవరి ఒళ్లోనైనా ఉండాల్సిందే.

ఎల్బీనగర్ చౌరస్తా దాటి సాగర్ రోడ్డు ఎక్కారు. మహేష్ వేగంగా కూడా పోవడం లేదు. ముందున్న ఆటో, పక్కన ఎవరో చెయ్యి ఎత్తగానే, ఉన్నచోటే ఆగిపోయింది. మహేష్ బ్రేకు తొక్కాడు.

కారు ఆటోకు తగలలేదు. తగలకుండా ఆగింది. అయినా కౌసల్యమ్మ కళ్లు తెరిచేసరికి ఒడి ఖాళీగా ఉంది. అమల ఆమె కాళ్ల దగ్గర పడి ఉంది, నోరంతా రక్తం. పిల్ల ముందు ఏడవలేదు, ఏం జరిగిందో తెలియనట్టు నానమ్మ వంక చూసింది, తర్వాత ఏడ్చింది. విజయశ్రీ వెనక నుంచి ఎలా వచ్చిందో, పిల్లను ఎప్పుడు ఎత్తుకుందో ఎవరికీ తెలియదు. కౌసల్యమ్మ మాత్రం తన చేతుల్నే చూస్తోంది. రెండు అరచేతులూ డాష్‌బోర్డుకు గట్టిగా ఆని ఉన్నాయి. గాజులు చిట్లి ముక్కలు ఒళ్లో పడ్డాయి.

దవాఖానలో పిల్ల పై పెదవికి కుట్లు వేశారు. ముందు పళ్లు రెండు ఊడాయి. అవి పాలపళ్లే, మళ్లీ వస్తాయని డాక్టరు ధైర్యం చెప్పాడు. ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవడం అదృష్టమని, అది పెద్దవాళ్ల కోసం చేసినదని, దాని ముందు ఒళ్లో పసిపిల్లను పెట్టుకుంటే దెబ్బ ఇంతటితో పోదని కూడా అన్నాడు. ఒడిబియ్యం వాయిదా పడింది.

పరామర్శకు వచ్చినవాళ్లంతా దిష్టి అన్నారు, గ్రహచారం అన్నారు, చివరికి అందరూ ఒకే మాట దగ్గరికి వచ్చేవారు. కౌసల్యమ్మ గట్టిగా పట్టుకుంది కనుకనే పిల్ల ఇంతటితో బయటపడిందని. మహేష్ కూడా అదే అన్నాడు. అంతయ్య కూడా అదే అన్నాడు. అన్నప్పుడల్లా ఆమెకు ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. ఎందుకంటే ఆమెకు నిజం తెలుసు. బ్రేకు పడిన ఆ క్షణంలో తన చేతులు పిల్లను పట్టుకోలేదు. పిల్లను వదిలి, తనను తాను కాపాడుకోవడానికి ముందుకు పోయాయి. ఆమె పొమ్మనలేదు, అవే పోయాయి. దోమను కూడా వాలనివ్వని చేతులు అవసరం వచ్చినప్పుడు ఎవరివయ్యాయి?

ఆ ప్రశ్న ఆమెను కూర్చోనివ్వలేదు. వంటింట్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి దేవుడి గూటి దగ్గరికి కాలు గాలిన పిల్లిలా తిరిగింది. అమల వాచిన పెదవితో వచ్చి ఒళ్లో తల పెట్టుకుంటే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచిపోయింది. పొయ్యి మీద పాలు లేవు. పిల్ల వెనకే వచ్చి, నానమ్మ తన మీద అలిగిందా అని తల్లిని అడిగింది. ఆ మాట విని కౌసల్యమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసుకుంది. విజయశ్రీ ఒక్క నిష్ఠూరమైనా ఆడి ఉంటే ఎంతో బాగుండేది. ఆమె ఆడలేదు. అత్త చేతికి గాజు గుచ్చుకున్న చోట మందు రాసి, భోజనం వడ్డించి డ్యూటీకి పోయేది. ఆమె వార్డులో ఆ తల్లి అన్న మాటే కౌసల్యమ్మ చెవిలో మోగుతూ ఉండేది. ఆ తల్లి అబద్ధం చెప్పలేదు, పట్టుకున్నాననే అనుకుంది పాపం.

పిల్లకు కుట్లు తీసిన తర్వాతి ఆదివారం కౌసల్యమ్మ పొద్దున్నే చీర మార్చుకుని కొడుకు ముందు నిలబడింది. దిల్‌సుఖ్‌నగర్‌కు, ఆ కవర్ల షాపుకు పోదాం లే అంది. మహేష్ ఎందుకన్నాడు.

"మూయించింది నేనే గద. తెరిపిచ్చేది గూడ నేనే."

పట్టాభి వాళ్లను గుర్తుపట్టాడు. కవరు చిరిగిందేమోనని కంగారుపడ్డాడు. విషయం విన్నాక చేతిలోని కత్తెర పక్కన పెట్టాడు.

"అందరూ అడుగుతున్నారని కుట్టేస్తున్నానండీ. ఇలా అవుతుందని ఏనాడూ అనుకోలేదమ్మగారూ."

"నేనెన్నడు అనుకున్న నాయనా, నువ్వనుకోనీకి. ముందుగాల గా కుట్లు ఇప్పు."

అతను బ్లేడుతో కుట్లు తెంపి కవరు ఎత్తాడు. కింద వేరుశనగ పొట్టు, జ్యోతిక ఎప్పుడో పోగొట్టుకున్న జడ క్లిప్పు, ఒక క్రేయాను ముక్క, వాటి మధ్య బకిల్స్ మూడూ కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. ఒక్కసారైనా వాడితే కదా పాతబడటానికి. వాటిని పైకి తీసి, ఇక కిందికి జారకుండా కవరుకు చీలికలు పెట్టి అంచులు కుట్టించింది కౌసల్యమ్మ. కొడుకు వద్దంటున్నా ముందు సీటు దగ్గరికి పోయి ఆ ఉత్త క్లిప్పును పీకి, షాపు బయట ఉన్న చెత్త డబ్బాలో పడేసింది.

అక్కడినుంచి ఎల్బీనగర్‌లో పీటలు కొన్న షాపుకు పోయి, కొమ్ములున్న వెడల్పు పీటలు ఇచ్చేసి, కొమ్ములు లేని సన్నటివి మార్చుకున్నారు. ఈసారి తొందరపడలేదు. విజయశ్రీ ముందు కొలిచి చూసింది. నడిమి సీటుకు కూడా నడుముకే కాక భుజం మీదికి వచ్చే బెల్టు ఉన్న బండి కావడం మంచిదైంది. ఉత్త నడుము పట్టీ మాత్రమే ఉన్న చోట ఈ పీట వేయకూడదని ఆమె అందరికీ వినబడేలా చెప్పింది. పీటలు మూడూ పక్కపక్కన కూర్చున్నాయి, తలుపులు పడ్డాయి. ఇక మిగిలింది బెల్టు బిగించడం. పిల్లలు కూర్చున్నాక పీటల మధ్య సందు వేలు దూరేంతే. మధ్యలో అమలను పెడితే ఎవరి చెయ్యీ అందలేదు. అభిలాష్‌ను పెడితే వాడు మెలికలు తిరిగాడు. చివరికి కిటికీ వదులుకోనని మొండికేసిన జ్యోతికను బతిమాలి మధ్యలో కూర్చోబెట్టారు. దాని వేళ్లు సన్నవి, పొడుగువి. తన బెల్టు బిగించుకుంది, తమ్ముడికి బిగించింది, చెల్లికి బిగించింది. ప్రతిసారీ టక్కుమని చప్పుడు వచ్చింది. కౌసల్యమ్మ మూడు చప్పుళ్లూ శ్రద్ధగా వింది.

విజయశ్రీ ఒక్కొక్కరి భుజం మీద పట్టీని సరిచేసి, నడుము పట్టీ పొట్ట మీద కాక కింద ఎముకల మీద ఉందో లేదో చూసింది. అమల పీట మీద ఎత్తుగా కూర్చుని కిటికీ బయటకు తల తిప్పింది.

"నానమ్మా, నాకు అంత కనవడ్తుంది."

ఇన్నాళ్లూ బయట చూపించడానికే ఆ పిల్లను ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుని తిప్పానని కౌసల్యమ్మకు గుర్తుకొచ్చి ముఖం పక్కకు తిప్పుకుంది.

ఒడిబియ్యానికి మళ్లీ రోజు కుదిరింది. అంతయ్య ముందురోజే పనుల సాయానికి అల్మాస్‌గూడ పోయాడు. ఆ పొద్దున బిక్షమయ్య, భార్య పూలమ్మతో చెల్లెల్ని తీసుకుపోవడానికి స్వయంగా ఆటోలో వచ్చాడు. తోబుట్టువు ఇంటికొచ్చి పిలవడం గౌరవం. తిరిగి మేనల్లుడి కారులో పోవచ్చని ఆటోను పంపించేశాడు. కౌసల్యమ్మ పుట్టి బుద్ధెరిగి ఆ అన్న మాటకు ఎదురాడింది లేదు. తండ్రి పోయాక ఆమెను పెంచి పెళ్లి చేసింది ఆయనే.

ముగ్గురు పిల్లలూ అప్పటికే పీటల మీద బెల్టులు పెట్టుకుని కూర్చున్నారు. మహేష్ స్టీరింగ్ ముందు ఉన్నాడు. బిక్షమయ్య కారు లోపలికి చూసి నవ్వాడు.

"గివేందిరా, బస్సుల రిజర్వేషన్ లెక్క ఒక్కొక్కలకు ఒక్కొక్క సీటా? తీసి డిక్కీల ఎయ్. చిన్నదాన్ని నా ఒళ్లె కూసవెట్టుకుంట, జర అందరం సర్దుకుందం."

మహేష్ దిగి వచ్చాడు. తల్లి వంక చూశాడు, భార్య వంక చూశాడు. విజయశ్రీ పెదవులు బిగించి నిలబడింది. పెద్దాయన, పైగా ఇవాళ పండుగ ఆయనది. ఒక్క రోజుకేం కాదులే అన్నట్టు మహేష్ చెయ్యి వెనక తలుపు మీదికి పోయింది. ఇలాంటి ఒక్క రోజుల్లోనే ఎన్ని ఇళ్లు పాడయ్యాయో మనకు తెలుసు. అయినా ఇంటి పెద్ద నవ్వుతూ అడిగితే కాదనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

కౌసల్యమ్మ ముందుకొచ్చి కొడుకు చేతి మీద చెయ్యి వేసింది.

"ఆ తలుపు ఒదులు మహేషా. అన్నా, పిల్లలు దిగరు. మనం ముగ్గురం ఆటోల పోదాం."

బిక్షమయ్య నవ్వు ఆగిపోయింది. పూలమ్మ కొంగు సర్దుకుని పక్కకు చూసింది. తామంతా ట్రాక్టరు ట్రాలీల్లో నిలబడి పెళ్లిళ్లకు పోయినవాళ్లమని, ఎవరికీ ఏమీ కాలేదని, ఇంటికి పిలవడానికి వచ్చిన అన్నకు కారులో చోటు లేదని ఇవాళ కొత్తగా వింటున్నానని బిక్షమయ్య గొంతు పెంచకుండానే అన్నాడు. గొంతు పెంచకపోవడంతో అది మరింత గట్టిగా తగిలింది. ఇక్కడ తాను ఊరుకుంటే పీటలు డిక్కీలోకి పోతాయని కౌసల్యమ్మకు తెలుసు. ఒకసారి పోయాయంటే ప్రతి పెళ్లికీ, ప్రతి పేరంటానికీ పోతాయి. ఆమె రెండు చేతులూ అన్న ముందు చాపింది.

"అందరు నేను పట్టుకున్ననంటున్నరు గద అన్నా. నేను పట్టుకోలే. బండి ఆగంగనే గీ చేతులు పిల్లను ఒదిలి నన్ను గాపాడుకునెటందుకు పోయినయ్. గింత పేమ ఉండి గూడ ఒదిలినయ్. నీ చేతులు ఒదలవని నేనెట్ల నమ్మాలె?"

మహేష్ తల్లిని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. విజయశ్రీ వచ్చి అత్త చాపిన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"అత్తమ్మా, నా చేతులైనా గట్లనే ఒదులుతయ్. మన పాణం మనల్ని అడిగి చేతుల్ని వాడుకోదు. గందుకే గా బెల్టు."

కౌసల్యమ్మ అప్పుడు ఏడ్చింది. దెబ్బ తగిలిన రోజు నుంచి ఆమె కంట నీరు రాలేదు, ఆ నీరంతా ఇప్పుడే వచ్చింది. కారు లోపలి నుంచి అమల, నానమ్మ ఎందుకు ఏడుస్తోందని అక్కను అడుగుతోంది. బిక్షమయ్య కాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత వీధి చివరికి నడిచి ఆటోను ఆపాడు. ఆయనకు కోపం తగ్గిందో లేదో ఆయనకే తెలియాలి. దారంతా మాట్లాడలేదు. పూలమ్మే ఇద్దరి మధ్యా కూర్చుని వంటల సంగతి ఎత్తి నెట్టుకొచ్చింది.

అల్మాస్‌గూడలో వేడుక బాగా జరిగింది. పందిట్లో పీట మీద కూర్చోబెట్టి, బిక్షమయ్య దోసిళ్లతో చెల్లెలి ఒళ్లో పసుపు బియ్యం పోశాడు. పోసేటప్పుడు ఆయన చెయ్యి ఒక్కసారి ఆమె తల మీద ఆగింది. దగ్గర్లోని నాదర్‌గుల్ విమాన మైదానం నుంచి లేచిన శిక్షణ విమానం ఒకటి ఇళ్ల మీదుగా గుర్రుమంటూ పోయింది. దారిలో కిటికీలోంచి తాను అలాంటివి చూశానని అమల బోసి నోటితో అందరికీ చెప్పి, వచ్చి బియ్యం నిండిన నానమ్మ ఒడిని ఆనుకుని నిలబడింది. ఈసారి కౌసల్యమ్మ పక్కకు జరగలేదు. బియ్యం మూట పక్కన పెట్టగానే పిల్లను లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"ఇంట్ల ఉన్నంతసేపు గీ ఒడి నీదే బిడ్డా. బండెక్కినంక నీ పీట నీదే."

సాయంత్రం తిరుగు ప్రయాణం. బిక్షమయ్య చిన్నదాన్ని భుజానికెత్తుకుని కారు దాకా వచ్చాడు. అలవాటు కొద్దీ కాళ్లు ముందు తలుపు వైపు నడిచాయి. అక్కడ ఒక్క క్షణం ఆగి, వెనక తలుపు తీసి, పిల్లను పీట మీద కూర్చోబెట్టాడు. బెల్టు ఎక్కడ దూర్చాలో తెలియక ఆయన మోటు వేళ్లు తడబడితే జ్యోతిక పట్టీ అందుకుని బిగించింది. టక్కుమని చప్పుడు వినబడేదాకా ఆయన వంగి నిలబడ్డాడు. తర్వాత తలుపు వేసి, ఇక పొమ్మని మేనల్లుడికి చేత్తో సైగ చేసి, చెల్లెలికీ బావకూ ఆటో పిలవడానికి పోయాడు.

మన బండ్లలో చోటు ఎప్పుడూ చాలదు, చుట్టాలు ఎప్పుడూ ఎక్కువే. సర్దుకోవలసి వచ్చినప్పుడు పెద్దవాళ్లం మనమే సర్దుకోవాలి, పిల్లల చోటు మాత్రం పిల్లలకే ఉంచాలి.